తీగకు ఎన్ని పేర్లు? – పర్యాయపదాల చరిత్ర



ప్రాథమిక పాఠశాలలో భాషా పరీక్ష పెడితే అందులో ఒక ప్రశ్న ఇంచుమించు తప్పకుండా ఉంటుంది. 'ఈ కింది నామవాచకాలకు రెండేసి పర్యాయపదాలు రాయండి' అని అడుగుతారు. నది, ఇల్లు, సూర్యుడు, చెట్టు, తీగ అంటూ వరుసగా మాటలు ఇస్తారు. పక్కన ఖాళీలుంటాయి. పిల్లలు ముందు రోజు రాత్రి ఒక పట్టిక బట్టీపట్టి, మర్నాడు ఆ ఖాళీలు నింపి, వారం తిరిగేసరికి సగం మరచిపోతారు. మీరూ ఒకప్పుడు అలా రాసినవారే. ఇప్పుడు మీ ఇంట్లో తమ్ముడో చెల్లెలో రాస్తూ ఉండవచ్చు.

ఆ ఖాళీల వెనుక రెండువేల ఏళ్ళకు మించిన చరిత్ర ఉంది. పర్యాయపదాలను ఎవరు పోగుచేశారు? ఎందుకు పోగుచేశారు? 'పర్యాయపదం' అంటే నిజంగా 'సమానమైన మాట' అనేనా? ఈ ప్రశ్నలకు జవాబులు తెలిస్తే పరీక్షకు సాధన చేసే పద్ధతి కూడా మారుతుంది. అందుకు ఒక ఊరి పేటను ఉదాహరణగా తీసుకుందాం.

తీగకు బయట

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలో బిలాస్‌పూర్ పెద్ద రైల్వే కేంద్రం. అక్కడ తార్‌బహార్ అనే పేట ఉంది. ఈ పేరును విడదీసి చూడండి. హిందీలో 'తార్' అంటే తీగ, 'బాహర్' అంటే బయట. అంటే తీగకు బయట ఉన్న చోటు. రైల్వే పట్టణాల్లో రైల్వే స్థలానికీ ఊరి స్థలానికీ మధ్య హద్దు ఉండడం మామూలే. హద్దుకు లోపల ఒక లోకం, బయట ఒక లోకం.

ఇక్కడికి తెలుగువారు ఎలా వచ్చారు? బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ 1887లో ఏర్పడింది. నాగపూర్ నుంచి బిలాస్‌పూర్ మీదుగా ఆసన్‌సోల్ వరకు ఆ కంపెనీ వేసిన మార్గం 1891లో పూర్తయింది. 20వ శతాబ్దం తొలి ఏళ్ళలో, తూర్పు తీరం వెంట వాల్తేరు దాకా ఉన్న మార్గం కూడా ఆ కంపెనీ చేతికి వచ్చింది. 1930ల తొలి ఏళ్ళలో రాయపూర్–విజయనగరం మార్గం కూడా పూర్తయింది. దీంతో ఉత్తర కోస్తా జిల్లాల నుంచి పనివారు, గుమాస్తాలు, మెకానిక్కులు రైల్వే ఉద్యోగాల కోసం ఖరగ్‌పూర్, బిలాస్‌పూర్ వంటి పట్టణాలకు వెళ్ళడం సులభమైంది. తరువాత భారత రాష్ట్రపతి అయిన వి.వి.గిరి 1920లలో ఈ రైల్వే కార్మికుల సంఘానికి నాయకత్వం వహించారు. స్వాతంత్ర్యం తరువాత ఈ ప్రాంతం ఆగ్నేయ రైల్వేలో ఉండేది. 2003లో బిలాస్‌పూరే ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రమైంది.

ఇలా స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో పిల్లలు ఇంట్లో తెలుగు వింటారు. బడిలో హిందీ, ఇంగ్లీషు చదువుతారు. వీధిలో ఛత్తీస్‌గఢీ వింటారు. రైల్వే మాటలు సరేసరి, వాటిలో సగం ఇంగ్లీషే. అటువంటి పిల్ల ఒకతె హిందీ బడిలో 'పర్యాయవాచీ శబ్ద్' పరీక్షకు సాధన చేస్తోందనుకోండి. ఆమెకు 'లతా' అనే మాట ఇచ్చారు. దానికి అర్థం తెలుగులో 'తీగ' అని ఆమెకు తెలుసు. తీగను హిందీలో 'తార్' అంటారని కూడా తెలుసు, తన పేట పేరులోనే ఉంది కదా! అందుకని ఖాళీలో 'తార్' అని రాసింది. మార్కు రాలేదు. అక్కడ కావలసిన మాటలు 'వల్లరీ', 'బేల్'.

ఆ పిల్లకు మాటలు రాక తప్పు జరిగిందా? కాదు. తెలుగులో 'తీగ' అనే ఒక్క మాట పందిరి మీద పాకే మొక్కకూ, స్తంభాల మధ్య వేలాడే లోహపు తీగకూ సరిపోతుంది. హిందీలో ఈ రెంటికీ వేర్వేరు మాటలున్నాయి. తప్పు ఎక్కడ జరిగిందో కచ్చితంగా తెలుసుకోవాలంటే మనం పర్యాయపదాల అసలు స్వభావం చూడాలి.

'పర్యాయం' అంటే ఏమిటి?

'ఈ పర్యాయం నేను వస్తాను', 'రెండు పర్యాయాలు చెప్పాను' అని మనం అంటూ ఉంటాం. పర్యాయం అంటే వంతు, మారు. ఒక మాట కూర్చునే చోట దాని వంతుకు మరో మాట వచ్చి కూర్చుంటే అది పర్యాయపదం. అంటే ఈ పేరులోనే ఒక పరీక్ష ఉంది. వాక్యంలో ఒక మాట తీసి రెండోది పెట్టి చూడాలి. అర్థం చెడకుండా నిలిస్తే ఆ చోటికి అది పర్యాయపదం.

'పందిరి మీదికి తీగ పాకింది' అన్న వాక్యంలో తీగ బదులు 'లత' పెట్టండి. నిలుస్తుంది. 'గాలివానకు కరెంటు తీగ తెగింది' అన్న వాక్యంలో 'లత' పెట్టండి. నవ్వు వస్తుంది. వీణ విషయంలో తీగ బదులు 'తంత్రి' అనవచ్చు. 'తంతి' అన్న మాటను టెలిగ్రాముకూ వాడాం. తంతి తపాలా శాఖ అన్న పేరు మీ పెద్దలకు గుర్తుండే ఉంటుంది. మన దేశంలో టెలిగ్రాము సేవ 2013 జూలైలో ఆగిపోయింది, మాట మాత్రం పుస్తకాల్లో మిగిలింది.

ఇప్పుడు లెక్కల్లో ఒక సూత్రం గుర్తుచేసుకోండి. అ, ఆ సమానమై, ఆ, ఇ కూడా సమానమైతే, అ, ఇ సమానం కావాలి. మాటల్లో ఈ సూత్రం చెల్లదు. లత, తీగ పర్యాయపదాలు. తీగ, తంత్రి పర్యాయపదాలు. కాని లత, తంత్రి పర్యాయపదాలు కావు. అందువల్ల పర్యాయపదాల మధ్య సమాన చిహ్నం పెట్టకూడదు. రెండు మాటలు ఒక అర్థం దగ్గర కలుసుకుంటాయి, తరువాత ఎవరి దారి వారిది. జంక్షన్‌లో రెండు రైలు మార్గాలు కలిసినట్టే అనుకోండి. తార్‌బహార్ పిల్ల రాసిన జవాబు ఈ సూత్రాన్ని మాటలకు అన్వయించడం వల్ల వచ్చింది. అది ఆలోచించి రాసిన జవాబు. ఏ అర్థం దగ్గర మాటలు కలుస్తాయో ఎవరూ ఆమెకు చెప్పలేదు, అంతే.

పూర్వులకు ఈ సంగతి తెలుసు

మన దేశంలో మాటల జాబితాల్లో చాలా పాతది 'నిఘంటువు' అనే పేరుతోనే ఉంది. వేదాల్లోని మాటల పట్టిక అది. దానికి యాస్కుడు రాసిన వ్యాఖ్యే 'నిరుక్తం'. ఆ పట్టికలో తొలి మూడు అధ్యాయాలూ పర్యాయపదాలకే కేటాయించారు. భూమికి 21 పేర్లు, బంగారానికి 15 పేర్లు అక్కడ కనిపిస్తాయి. ఆనాటికే పాత మాటల అర్థాలు మరుగున పడుతున్నాయి. వాటిని కాపాడుకోవడానికి ఒకే అర్థం గల మాటలను ఒకచోట కూర్చారు.

ఆ తరువాత వచ్చినది అమరసింహుని అమరకోశం. క్రీస్తుశకం 4, 6 శతాబ్దాల మధ్య పుట్టి ఉంటుందని ఎక్కువమంది పండితుల అంచనా. దాని అసలు పేరు 'నామలింగానుశాసనం'. నామాలనూ, వాటి లింగాలనూ నేర్పేది అని అర్థం. సుమారు 1,500 శ్లోకాలు, మూడు కాండలు. ఇందులో మాటలు అకారాది క్రమంలో ఉండవు. ఆకాశం, దిక్కులు, కాలం, నీరు, భూమి, పట్టణం, కొండ, మొక్కలు, జంతువులు, మనుషులు – ఇలా లోకంలోని వస్తువుల క్రమంలో వర్గాలుగా ఉంటాయి. అనేక అర్థాలు గల మాటలను మాత్రం నానార్థ వర్గమని వేరే పెట్టారు. అంటే 'తీగ' వంటి మాటలతో వచ్చే చిక్కును ఆనాడే గుర్తించి, పర్యాయపదాలకూ నానార్థాలకూ మధ్య గోడ కట్టారు. మన పరీక్షల్లో లోపించినది సరిగ్గా ఈ గోడే.

తెలుగునాట వీధి బడుల్లో పిల్లలు అమరం కంఠస్థం చేసేవారు. 'గురుబాలప్రబోధిక' అనే తెలుగు వ్యాఖ్య దానికి తోడుగా ఉండేది. నది పేర్లనే చూడండి. తరంగిణి అంటే అలలు గలది. తటిని అంటే ఒడ్డులు గలది. స్రవంతి అంటే ప్రవహించేది. నిమ్నగ అంటే పల్లానికి పోయేది. శైవలిని అంటే నాచు గలది. ఒక్కొక్క పేరూ ఒక్కొక్క పరిశీలన! నీరు పల్లానికే పోతుందని ఒకరు చూశారు. నీటిలో నాచు పెరుగుతుందని మరొకరు చూశారు. సైన్సు విద్యార్థులు ఈ పేర్లను పరిశీలనల చిట్టాగా చదువుకోవచ్చు. ఏ పేరు దేన్ని చూసి పెట్టారో తెలిస్తే బట్టీ అవసరం సగం తగ్గుతుంది.

అచ్చ తెలుగు మాటల కోసం కూడా ఇటువంటి కృషి జరిగింది. పైడిపాటి లక్ష్మణకవి 'ఆంధ్రనామసంగ్రహం' రాశారు. దేవ, మానవ, స్థావర, తిర్యక్ వర్గాలతో పాటు అందులోనూ నానార్థ వర్గం ఉంది. అందులో చేరకుండా మిగిలిన మాటలను 18వ శతాబ్దంలో అడిదము సూరకవి 'ఆంధ్రనామశేషం'గా కూర్చారు. సూరకవిది విజయనగర సంస్థాన ప్రాంతం. బిలాస్‌పూర్ వెళ్ళిన తెలుగు కుటుంబాల్లో చాలామంది మూలాలు ఉన్నది కూడా ఆ చుట్టుపక్కల జిల్లాల్లోనే. ఒకరు కూర్చిన తరువాత మాటలు మిగిలిపోవడం, మరొకరు వచ్చి వాటిని చేర్చడం – నిఘంటువుల చరిత్ర అంతా ఇలాగే నడిచింది. ఏ పట్టికా ఎన్నడూ పూర్తి కాలేదు.

ఇంగ్లండులో పీటర్ మార్క్ రోజెట్ అనే వైద్యుడు, శాస్త్రవేత్త 1805లో తన సొంత అవసరానికి ఇంగ్లీషు మాటల పట్టిక మొదలుపెట్టాడు. 1852లో అది 'థిసారస్'గా అచ్చయింది. భావాలను వెయ్యి శీర్షికల కింద వర్గీకరించిన పుస్తకం అది. తనకంటే ముందు ఇటువంటి ప్రయత్నం చేసిన పుస్తకాలను చెబుతూ రోజెట్ తన ముందుమాటలో అమరకోశాన్ని పేర్కొన్నాడు. కోల్‌బ్రూక్ చేసిన ఇంగ్లీషు అనువాదం 1808లో సీరాంపూర్‌లో అచ్చయిన సంగతి కూడా రాశాడు. అదే 1852లో మద్రాసులో సి.పి.బ్రౌన్ తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు వెలువడింది. 1980లలో అమెరికాలోని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో జార్జ్ మిల్లర్ బృందం మొదలుపెట్టిన 'వర్డ్‌నెట్' కూడా మాటలను అర్థాల గుంపులుగానే కూర్చింది. ఆ దారిలోనే భారతీయ భాషలకు 'ఇండోవర్డ్‌నెట్' తయారైంది. తెలుగు కూడా అందులో ఉంది. కంప్యూటరుకు నేర్పవలసి వచ్చినా పద్ధతి మారలేదు. ముందు అర్థం, ఆ తరువాత ఆ అర్థం దగ్గర కలిసే మాటలు.

ఒక వస్తువు, ఒక పేరు

మరి సైన్సులో ఏం జరుగుతుంది? అక్కడ ఒక వస్తువుకు ఎన్నో పేర్లుంటే చిక్కు. మనం కంది అంటాం. హిందీలో అర్హర్ అంటారు, తువర్ అని కూడా అంటారు. ఛత్తీస్‌గఢ్‌లో రాహర్ అంటారు. మొక్క ఒక్కటే. స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ 1753లో మొక్కలకు రెండేసి మాటల పేర్లు వాడి, ఇటువంటి చిక్కుకు ఒక దారి చూపాడు. ఇప్పుడు కందికి శాస్త్రీయ నామం 'కజానస్ కజాన్'. పాత పుస్తకాల్లో 'కజానస్ ఇండికస్' అని ఉంటుంది. వృక్షశాస్త్రంలో ఆ రెండో దాన్ని కూడా పర్యాయనామం అనే అంటారు. అయితే అక్కడ ఒక్క పేరే చెల్లుతుంది, మిగతావి చరిత్రకే పరిమితం.

భాషలో అలా కాదు. 'గృహప్రవేశానికి రండి' అని పిలుస్తాం. 'కొంపప్రవేశానికి రండి' అని ఎవరైనా అంటారా? 'కొంప మునిగింది' అంటాం, 'గృహం మునిగింది' అంటే వరద వచ్చిందేమో అనుకుంటారు. అన్నం, భోజనం, బువ్వ, కూడు – నాలుగూ తినేవే. పసిపిల్లకు బువ్వ పెడతాం, అతిథికి భోజనం వడ్డిస్తాం. కూడు అన్న మాట అతిథి ముందు అంటే తగవు వస్తుంది. వస్తువు ఒకటే అయినా మాట్లాడేవారి మధ్య సంబంధం వేరు. ఆ సంబంధాన్ని చెప్పడానికే భాష ఇన్ని మాటలను ఉంచుకుంది.

ఇంటి మాట తప్పు మాటేనా?

మళ్ళీ తార్‌బహార్‌కు వద్దాం. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చిన్న ఏటిని 'గెడ్డ' అంటారు. విశాఖపట్నం దగ్గరి మేహాద్రిగెడ్డ జలాశయం పేరులో ఆ మాట ఉంది. తెలంగాణలో వాగు, రాయలసీమలో వంక. ఛత్తీస్‌గఢీలో 'నరవా'. బిలాస్‌పూర్‌లో పారే నది అర్పా. తెలుగు ఇంటి పిల్లకు అమ్మమ్మ నోట గెడ్డ, వీధిలో నరవా, బడి పుస్తకంలో నదీ, తటినీ దొరుకుతాయి. ఇది లోటు కాదు, ఆస్తి.

ఈ ఆస్తిని వాడుకునే మార్గం కూడా ఉంది. తరంగిణి, తటిని, రవి, భాను, భాస్కర్, లత, వల్లరి – ఈ మాటలు తెలుగు పరీక్షలోనూ హిందీ పరీక్షలోనూ పనికివస్తాయి. రెండు భాషలూ వీటిని సంస్కృతం నుంచే తీసుకున్నాయి. ఒకసారి నేర్చుకుంటే రెండు చోట్ల మార్కులు!

అయితే ఒక హెచ్చరిక. రూపం ఒకటే అయినా అర్థం మారిన మాటలున్నాయి. తెలుగులో 'శిక్ష' అంటే దండన, హిందీలో 'శిక్షా' అంటే చదువు. మీరిప్పుడు చదువుతున్నది తెలుగులో ఉపన్యాసం, హిందీలో 'ఉపన్యాస్' అంటే నవల. రైల్వే పట్టణంలో 'గాడీ' వచ్చిందంటే బండి వచ్చిందని, తెలుగులో 'గాడి' తప్పిందంటే దారి తప్పిందని. ఇటువంటి మాటలను వేరే పేజీలో రాసుకోవాలి. అమరసింహుడు నానార్థాలకు వేరే వర్గం కట్టినట్టు, రెండు భాషల పిల్ల ఈ మాటలకు ఒక వర్గం కట్టుకోవాలి.

ఇంటి మాటకు బడిలో చోటుండాలని పోరాడినవారిలో ముఖ్యుడు గిడుగు రామమూర్తి. 1863లో శ్రీకాకుళం ప్రాంతంలోని పర్వతాలపేటలో పుట్టి, పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా పనిచేశారు. సవర పిల్లల కోసం సవర భాష నేర్చుకొని, ఆ భాషలో పుస్తకాలు రాశారు, బడులు నడిపారు. తెలుగులో వాడుక భాష కోసం ఉద్యమించారు. తరువాత భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం జిల్లా జిల్లాలో రైతుల నోటి నుంచి వ్యవసాయ పదాలను సేకరించి అచ్చువేసింది. రైతు మాట కూడా నిఘంటువుకు ఎక్కదగినదే అని అది చాటింది. రాజ్యాంగంలో 1956లో చేర్చిన 350–ఎ అధికరణం భాషా అల్పసంఖ్యాక వర్గాల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించే సదుపాయాలు కల్పించే ప్రయత్నం చేయాలని రాష్ట్రాలకు చెబుతోంది. 2020 నాటి జాతీయ విద్యావిధానం కూడా తొలి తరగతుల్లో ఇంటి భాషకు ప్రాధాన్యం ఇవ్వాలంది. 'గెడ్డ' అని రాసిన పిల్లకు సున్నా వేసే ముందు ఈ చరిత్రంతా ఒకసారి గుర్తుచేసుకోవాలి. కావలసింది గ్రంథభాషా పదమైతే ప్రశ్నలోనే అలా అడగాలి. అడగకపోతే గెడ్డ కూడా సరైన జవాబే.

సాధన ఎలా చేయాలి?

అమెరికాలో రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు 2006లో ఒక ప్రయోగ ఫలితం ప్రకటించారు. విద్యార్థులు ఒక చిన్న పాఠ్యభాగం చదివారు. తరువాత కొందరు దాన్నే మళ్ళీ చదివారు. కొందరు పుస్తకం మూసి గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తరువాత పరీక్షిస్తే మళ్ళీ చదివినవారిదే పైచేయి. వారం తరువాత పరీక్షిస్తే గుర్తుతెచ్చుకొని రాసినవారిదే పైచేయి! పట్టికను పదిసార్లు చదవడం కంటే మూసి రాయడం మేలని దీన్నిబట్టి తెలుస్తుంది. దీనికి మన పూర్వుల పద్ధతిని కలిపి ఇంట్లో చిన్నపిల్లలతో ఇలా చేయించండి.

మొదటిది, మాటలను వర్గాలుగా రాయించండి. నీటి మాటలు ఒక పేజీ, ఇంటి మాటలు ఒక పేజీ, ఆకాశం మాటలు ఒక పేజీ.

రెండోది, ప్రతి మాట పక్కన అది ఏ గుణాన్ని బట్టి వచ్చిందో రెండు మూడు మాటల్లో రాయించండి. తటిని – ఒడ్డులు గలది.

మూడోది, ఒక వాక్యం చెప్పి మాట మార్పించండి. ఏది నిలుస్తుందో, ఏది నిలవదో పిల్లలే చెప్పాలి. నిలవని మాటలకు నవ్వుకుంటారు, నవ్వుకున్నది మరచిపోరు.

నాలుగోది, ఇంట్లో పెద్దలను అడిగి ఇంటి మాట ఒకటి చేర్పించండి. మీ తాతగారి ఊరు ఏదైనా, అక్కడ వాగుకో, వంటపాత్రకో, పశువుకో ఒక పేరు ఉండే ఉంటుంది.

ఐదోది, మర్నాడు పుస్తకం మూసి గుర్తున్నవి రాయించండి. మూడు రోజుల తరువాత ఒకసారి, వారం తరువాత మరొకసారి.

ఇలా చేసిన పిల్లకు 'లతా' అన్న ప్రశ్న వస్తే ఏమవుతుంది? ఇది పాకే తీగా, లోహపు తీగా అని ముందు తనను తాను అడుగుతుంది. పాకే తీగ కాబట్టి వల్లరి అని రాస్తుంది. తార్ అన్న మాటను తన పేట పేరు కోసం అట్టేపెట్టుకుంటుంది. ఒక మార్కు వస్తుంది. దానితోపాటు ఒక మాట వంతుకు మరో మాట ఎప్పుడు రావచ్చో తేల్చుకునే తెలివి వస్తుంది. అది ఏ భాషకు వెళ్ళినా వెంట వస్తుంది.

మీకు ఒక చిన్న పని ఇచ్చి ముగిస్తాను. ఈ వారం మీ ఇంట్లో, మీ వీధిలో వినిపించే మాటల్లో పాఠ్యపుస్తకంలో లేని పర్యాయపదాలు ఐదు సేకరించండి. ఒక్కొక్కటి ఏ ఊరివారు వాడతారో, ఏ వాక్యంలో వాడతారో పక్కన రాయండి. ఆంధ్రనామసంగ్రహం తరువాత కూడా మాటలు మిగిలే ఉన్నాయని సూరకవి చూపారు. ఆయన తరువాత కూడా మిగిలే ఉన్నాయి.